మా నాన్న నోటుబుక్కులో దొరికిన సుడికి ఎత్తే లేదని లెక్క చెబుతోంది. ఎక్కడ తప్పాను?

వంశధారమొగ:

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఇల్లు కళింగపట్నం పక్కన. సముద్రశాస్త్రం చదువుకోలేదు. అవకలన సమీకరణాలు వచ్చు. ద్రవగతి శాస్త్రం పీజీలో ఒక పేపరుగా చదివి, పరీక్ష అయిన మర్నాడే మరిచిపోయాను. ప్రశ్న మరీ పసిపిల్లల ప్రశ్నలా ఉంటే నవ్వుకోండి, జవాబు మాత్రం చెప్పండి.

మొన్న మార్చిలో, వేట నిషేధానికి ఇంకా మూడు నాలుగు వారాలు ఉందనగా, మా నాన్న, చిన్నాన్న, మరో ఇద్దరు వెళ్ళిన పడవ ఇంజను తీరానికి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది. నాలుగున్నర రోజులు కొట్టుకుపోయారు. చివరికి భావనపాడుకు ఎదురుగా, ఇంకా కాస్త పైకి పోయాక వేరే పడవ వాళ్ళ కంటపడితే తాడు కట్టి లాక్కొచ్చారు. అందరూ క్షేమం. చిన్నాన్న అప్పటి నుంచి బిస్కెట్టు ముట్టుకోవడం లేదు, అంతే.

ఇక అసలు సంగతి. చేతి జీపీఎస్ బ్యాటరీ అయిపోతుందని నాన్న దాన్ని మూడు గంటలకు ఒకసారి వెలిగించి, అక్షాంశం, రేఖాంశం నోటుబుక్కులో రాసుకుని, మళ్ళీ ఆపేసేవాడు. వల పైకి లాగలేదు. ఒక కొసను పడవ ముక్కుకు కట్టి నీళ్ళలోనే వదిలేశారు, అలలకు పడవ అడ్డం తిరగకుండా. అంటే పడవ నడిచింది గాలితో కాదు, వలను పట్టుకున్న నీటితో అని నా ఊహ.

మొత్తం 31 వరుసలు ఉన్నాయి. మొదటిది «17 56.2 – 84 36.7 తె.6» అని ఉంటుంది. నాన్న రాసే 1కీ 7కీ తేడా పట్టుకోవడానికి అమ్మను పిలవాల్సి వచ్చింది. అయిదో వరుస అలుక్కుపోయింది, చదవలేక వదిలేశాను. రాత్రి నిద్రపోయి రాయనివి ఆరో ఏడో ఉన్నాయి.

గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే కళ్ళు తిరిగాయి. పడవ తిన్నగా పోలేదు. మొత్తం మీద ఈశాన్యంగా, తీరం వెంబడే, 47 కిలోమీటర్లు జరిగింది. కానీ దారిలో ముడులు వేసుకుంటూ పోయింది! ఒకటి పూర్తిగా, రెండోది పూర్తిగా, మూడోది సగం. అన్నీ గడియారం ముల్లు తిరిగే వైపే. సగటు ప్రయాణాన్ని, అంటే సెకనుకు 12 సెంటీమీటర్ల వేగాన్ని, తీసేస్తే మిగిలింది చక్కటి వృత్తం: వ్యాసార్థం 4.5 కి.మీ., ఒక చుట్టుకు 38.2 గంటలు. మొదట రేఖాంశం నిమిషాన్ని కూడా అక్షాంశం నిమిషంతో సమానంగా వేశాను, అందుకని కొంచెం నొక్కినట్టున్న దీర్ఘవృత్తం వచ్చింది. తిరిగే దీర్ఘవృత్తపు సుడి గురించి కిర్చాఫ్ 19వ శతాబ్దంలోనే రాశాడని చదివి, దొరికింది అనుకుని ఒక రోజంతా సంబరపడ్డాను. 18 డిగ్రీల కొసైనుతో గుణించాక దీర్ఘవృత్తం పోయింది, వృత్తం మిగిలింది.

సరే, సుడి అని నిశ్చయించుకుని మోడల్ కట్టాను. గుండ్రంగా తిరిగే నీటికి మూడు పదాల లెక్క: వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే వచ్చే అభికేంద్ర త్వరణం ఒక వైపు, కోరియాలిస్ (భూభ్రమణం వల్ల కదిలేదాన్ని పక్కకు వంచేది), నీటిమట్టం వాలు రెండో వైపు. నా వేగం సెకనుకు 20.6 సెం.మీ. అభికేంద్ర త్వరణం 9.4 వచ్చింది (సెకను వర్గానికి, మైక్రోమీటర్లలో). 18.1 డిగ్రీల అక్షాంశం దగ్గర కోరియాలిస్ గుణకం 0.0000453. దానితో వేగాన్ని గుణిస్తే 9.3. రెండూ ఒకదాన్నొకటి తినేశాయి! మిగిలిన కాసింత తేడాకు నీటిమట్టం ఎత్తు లెక్కిస్తే 4.5 కిలోమీటర్ల దూరంలో మిల్లీమీటరులో పదో వంతు కూడా రాలేదు.

సుడి మధ్య నీరు పొంగాలి లేదా గుంట పడాలి అని ఎక్కడ చూసినా రాసి ఉంది. నా సుడి పళ్ళెంలో నీళ్ళంత చదునుగా ఉంది. అనుమానం తీరక కంప్యూటర్లో వేయి మీటర్ల లోతు నీళ్ళు పెట్టి, 4.5 కి.మీ. వ్యాసార్థంతో 20 సెం.మీ. ఎత్తు గాసియన్ పొంగు, అంటే గంట ఆకారపు పొంగు, పెట్టి వదిలాను. నిమిషం తిరక్కుండా అది చెదిరి అలలైపోయింది. పైన లెక్క తప్పా, కింద ప్రోగ్రాము తప్పా, లేక రెండూనా?

కోటబురుజు:

బాబూ, విజయనగరంలో ముప్పయి ఏళ్ళు ఫిజిక్సు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నీ లెక్క తప్పు కాదు. నువ్వు పెట్టిన పేరు తప్పు. అది సుడి కాదు.

వాలు సున్నా అని వచ్చిందంటే ఆ నీటిని పక్కకు నెడుతున్నది ఏదీ లేదని అర్థం. ఎవరో ఒకసారి తోసి వదిలేశారు, ఆ తరువాత అది తన జడత్వం మీద తాను పోతోంది. తిరగని భూమి మీద అయితే తిన్నగా పోయేది. తిరిగే భూమి మీద, ఉత్తరార్ధగోళంలో, ప్రతి క్షణం కుడికి వంగుతుంది. అలా వంగుతూ వంగుతూ మొదటికే వస్తుంది. దీన్ని జడత్వ వలయం అంటారు. నీ అభికేంద్ర త్వరణమూ కోరియాలిసూ సమానమైపోవడం యాదృచ్ఛికం కాదు, ఆ వలయానికి అర్థమే అది.

నువ్వు చూడవలసింది వ్యాసార్థాన్ని కాదు, గడియారాన్ని. రెండు త్వరణాలూ సమానం అని రాసి వేగాన్ని కొట్టేయి. వలయం పెద్దదైనా చిన్నదైనా చుట్టుకు పట్టే కాలం ఒక్కటే, అక్షాంశం ఒక్కటే దాన్ని నిర్ణయిస్తుంది. నక్షత్ర దినంలో సగాన్ని, అంటే 11.97 గంటలను, అక్షాంశం సైనుతో భాగించు. 18.1 డిగ్రీలకు 38 గంటల 31 నిమిషాలు. మీ నాన్న నోటుబుక్కు 38.2 అంటోంది. ఫోను చూసి టైము రాసుకున్న మనిషి, పైగా ఇంజను చచ్చిపోయిన పడవలో, పంతొమ్మిది నిమిషాల తేడాతో భూభ్రమణాన్ని కొలిచాడు! నా లాబులో ఇరవై ఏళ్ళు సాధారణ లోలకంతో పిల్లలు తెచ్చిన జవాబులకన్నా ఇది మేలు. భూమి తిరగడాన్ని చూపించే ఫూకో లోలకం ఉంటుంది చూడు, అది ఇదే అక్షాంశంలో ఒక చుట్టు తిరగడానికి దీనికి సరిగ్గా రెట్టింపు సమయం, 77 గంటలు తీసుకుంటుంది.

ఇది పుస్తకాల్లో ఉన్న పాత సంగతే. 1936లో గుస్తాఫ్సన్, కుల్లెన్‌బర్గ్ అనే ఇద్దరు బాల్టిక్ సముద్రంలో కొలిచిన ప్రవాహాన్ని బొమ్మ గీసి చూపించారు. అచ్చం నీ గ్రాఫు కాగితంలాగే ముడులు ముడులుగా ఉంటుంది. అక్కడ అక్షాంశం ఎక్కువ కాబట్టి చుట్టుకు 14 గంటలే.

ఇంకొకటి. మీ శ్రీకాకుళం నాగావళి వంతెన స్తంభాల వెనక తిరిగే సుడులను చూసి పిల్లలు «సార్, ఇది కోరియాలిసే కదా» అని అడుగుతారు. కాదు. స్తంభం వెడల్పు రెండు మీటర్లు, నీటి వేగం అర మీటరు అనుకో. వేగాన్ని కోరియాలిస్ గుణకంతోనూ వెడల్పుతోనూ భాగిస్తే వచ్చే రాస్బీ సంఖ్య 5,500. అంటే ఆ సుడికి భూమి తిరుగుతున్నట్టే తెలియదు. అందుకే ఒకటి కుడికి, తరువాతది ఎడమకు, మార్చి మార్చి రాలుతాయి. నీ వలయానికి అదే సంఖ్య కట్టి చూడు.

భావనపాడు_బోటు:

మాస్టారు గారూ, ముందు మీ నాన్నగారు క్షేమంగా వచ్చినందుకు సంతోషం. ఆ పడవ లాక్కొచ్చిన సంగతి మా ఊళ్ళో కూడా చెప్పుకున్నారు.

నాకు లెక్కలు రావు, ఒక్క అనుమానం. పడవ మీద గాలి పట్టదా? వల కట్టినా సరే, ముక్కు ఎత్తుగా ఉన్న పడవను గాలి నెడుతూనే ఉంటుంది. వల ఎంత దిగింది, ఎంత పొడవు ఉంది? ఒక ముక్క వేసి వదిలితే గాలిదే పైచేయి. మొత్తం వల నీళ్ళలో ఉంటే మాత్రం పడవ వల వెనకాలే పోతుంది, అది మాకు రోజూ తెలిసేదే. రాత్రి వల వేసి పడుకుంటే తెల్లారేసరికి పడవ ఎక్కడో ఉంటుంది, గాలి దక్షిణం నుంచి వీచినా ఒక్కొక్కరోజు మేము దక్షిణానికే పోయి ఉంటాము. «నీరు తిప్పింది» అంటాము. ఎందుకు తిప్పిందో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట. మావాళ్ళు ఎవరైనా తప్పిపోతే గాలి పోయే వైపు తిన్నగా వెతుకుతాము. ఇది చదివాక ఆలోచనలో పడ్డాను.

వంశధారమొగ:

గురువుగారూ, నోట మాట రాలేదు. రాస్బీ సంఖ్య కట్టాను, సరిగ్గా 1 వచ్చింది. రావలసిందే కదా, నిర్వచనమే అది! ఇంతసేపూ సున్నాను తప్పు అనుకుని వెతుకుతున్నాను, జవాబే సున్నా.

భావనపాడు అన్నగారికి: నాన్నను అడిగాను. వల మొత్తం నీళ్ళలోనే ఉందట, ముప్పావు కిలోమీటరు పైన. లోతు పది మీటర్ల దాకా దిగుతుందట. పడవ ముందు భాగానికి పాత టార్పాలిన్ కట్టుకున్నారు ఎండకు, గాలి ఎక్కువైతే దించేసేవారట. కాబట్టి గాలి పాలు కొంత ఉంటుంది, కానీ ముడులు గాలివి కావు. గాలి 38 గంటలకొకసారి గుండ్రంగా తిరగదు.

ఒకటి మాత్రం నన్ను వదలడం లేదు. ఇది జడత్వ వలయమే అయితే సముద్రంలో నిజమైన సుడి ఎలా ఉంటుంది? దాన్ని ఎలా మోడల్ చేస్తారు? నా గాసియన్ పొంగు ఎందుకు చెదిరిపోయింది? ఆ 12 సెంటీమీటర్ల సగటు ప్రయాణం సుడిదా, కాదా?

ఉప్పునీటి_లెక్క:

మాస్టారూ, మాది టెక్కలి. ఇప్పుడు వేరే ఊళ్ళో సముద్రపు మోడళ్ళ మీద పని చేస్తున్నాను. మీ నాన్నగారి నోటుబుక్కు లాంటి డేటా కోసం మేము 15 మీటర్ల లోతున గుడ్డ గొట్టం వేలాడే తేలే యంత్రాలను వదులుతాము. మీ వల చేసిన పని ఆ గొట్టం పనే. కాస్త పెద్ద జవాబు రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మీ పొంగు సంగతి. రెండు తప్పులు ఉన్నాయి. మొదటిది, మీరు సముద్రాన్ని ఒకే ముద్దగా తీసుకున్నారు. వేయి మీటర్ల లోతులో అల వేగం సెకనుకు దాదాపు 100 మీటర్లు, మీ 4.5 కి.మీ. పొంగును ముప్పావు నిమిషంలో మోసుకుపోతుంది. నిజమైన సుడులు పైన ఉన్న వెచ్చటి, తేలిక నీటిలో ఉంటాయి, కింద బరువైన చల్లటి నీరు ఉంటుంది. కాబట్టి రెండు పొరలు పెట్టి, గురుత్వం బదులు తగ్గిన గురుత్వం వేయాలి: సాంద్రత తేడా ఘనమీటరుకు 3 కిలోలు అయితే అది 0.03 మాత్రమే. పై పొర 240 మీటర్లు అనుకుంటే లోపలి అల వేగం సెకనుకు 2.7 మీటర్లు. దాన్ని కోరియాలిస్ గుణకంతో భాగిస్తే 59 కిలోమీటర్లు. ఇది రాస్బీ వ్యాసార్థం, మన బంగాళాఖాతపు సుడులకు కొలబద్ద.

రెండో తప్పు ఇక్కడే ఉంది. మీ పొంగు 4.5 కి.మీ., కొలబద్ద 59. కొలబద్ద కన్నా బాగా చిన్నదైన పొంగుకు భూభ్రమణం అడ్డుపడేలోపే అది అలలుగా చెదిరిపోతుంది. కొలబద్దకు సమానంగానో పెద్దదిగానో ఉంటే మాత్రం నీరు కిందికి జారబోతూ కుడికి వంగి, పొంగు చుట్టూ తిరగడం మొదలుపెట్టి, ఆ తిరుగుడే పొంగును నిలబెడుతుంది. 1930ల్లో రాస్బీ చూపించినది ఇదే. మీరు 100 కి.మీ. వ్యాసార్థంతో రెండు పొరల్లో మళ్ళీ వేసి చూడండి, చెదరదు.

నిజమైన సుడి అంకెలు ఇవి. మధ్యలో 20 సెం.మీ. పొంగు, జానెడు అనుకోండి. వ్యాసార్థం 100 కి.మీ. చాలామంది ఎత్తును దూరంతో భాగించి వాలు వేసి, వేగం సెకనుకు 43 సెం.మీ. అంటారు. గాసియన్‌కు అది సరికాదు. దాని వాలు అత్యధికంగా ఉండేది సరిగ్గా 100 కి.మీ. దగ్గర, అక్కడ కూడా అందులో 0.61 వంతే. అంటే 26 సెం.మీ. ఆ వేగంతో ఆ అంచు చుట్టి రావడానికి దాదాపు 28 రోజులు పడుతుంది. మీ నాన్నగారు నాలుగున్నర రోజుల్లో రెండున్నర చుట్లు తిరిగారు, అక్కడే తెలిసిపోతుంది అది సుడి కాదని. పైన జానెడు పొంగు ఉంటే, లోపల చల్లటి నీటి పొర 65 మీటర్లు కిందికి కుంగి ఉంటుంది. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు దశాంశ బిందువు తప్పేసాననుకున్నాను.

ఆ జానెడు పొంగును ఆకాశం నుంచి కొలుస్తారు. 1992లో ఎగిరిన టోపెక్స్–పోసైడాన్ ఉపగ్రహం తరువాత ఈ పని నమ్మదగినదైంది. మన శ్రీహరికోట నుంచి 2013 ఫిబ్రవరిలో వెళ్ళిన సరళ్ ఉపగ్రహం కూడా ఇందుకే, ఫ్రాన్సుతో కలిసి చేసినది. కానీ ఉపగ్రహాల దారుల మధ్య ఎడం ఉంటుంది, వాటిని కలిపి గీసిన మ్యాపులో వంద కిలోమీటర్ల సుడి కనిపిస్తుంది, మీ 4.5 కి.మీ. వలయం ఏ రకంగానూ కనపడదు. దానికి ఎత్తే లేదు మరి.

సుడులు నిలిచి ఉండవు, పడమటికి జరుగుతాయి. మీ మోడల్లో కోరియాలిస్ గుణకాన్ని స్థిరంగా ఉంచితే సుడి ఉన్నచోటే తిరుగుతుంది. ఆ గుణకం ఉత్తరానికి పోయే కొద్దీ పెరుగుతుందని ఒక్క పదం కలపండి, సుడి కదలడం మొదలవుతుంది. పై కొలబద్దతో లెక్కిస్తే రోజుకు ఆరున్నర కిలోమీటర్లు. అండమాన్ దగ్గర బయలుదేరినది మన తీరానికి రావడానికి నాలుగు నెలలు పైనే పడుతుంది. నాకు ఈ ఒక్క పదం మహా ఇష్టం.

ఇక మీ చివరి ప్రశ్న, నేను అసలు రాయాలనుకున్నది. సుడి మీ వలయంలో లేదు. కానీ సుడి ఉంటే వలయం గడియారాన్ని మారుస్తుంది. నీరు అప్పటికే సుడిలో తిరుగుతూ ఉంటే, దాని మీద వేసిన వలయానికి భూభ్రమణం ఒక్కటే కాదు, సుడి భ్రమణంలో సగం కూడా కలుస్తుంది. కోరియాలిస్ గుణకానికి వర్టిసిటీలో (ఆ చోట నీరు ఎంత గట్టిగా తిరుగుతోందో చెప్పే కొలత) సగాన్ని కలపాలి అన్నమాట. ఎరిక్ కుంజీ 1985లో ఈ సంగతి రాశాడు. పైన చెప్పిన జానెడు పొంగు సుడి నడిబొడ్డున వర్టిసిటీ కోరియాలిస్ గుణకంలో 19 శాతం, దిశ ఎదురు. సగం తీసేస్తే చుట్టుకు పట్టే కాలం 38.5 నుంచి 42.6 గంటలకు పెరుగుతుంది. పొంగు బదులు గుంట అయితే 35 గంటలకు తగ్గుతుంది. మీకు వచ్చింది 38.2. రెండున్నర చుట్ల డేటాతో గంట అటూ ఇటూ కాక మానదు. అయినా నాలుగు గంటల తేడా దాక్కోదు. మీ నాన్నగారి పడవ ఏ గట్టి సుడి నడిబొడ్డునా లేదు.

అంచున ఉందేమో అంటే చెప్పలేము. గాసియన్ సుడిలో కేంద్రం నుంచి 141 కి.మీ. దగ్గర వర్టిసిటీ సున్నా అయిపోతుంది. అక్కడ గడియారం మామూలుగానే నడుస్తుంది. కానీ మార్చిలో మన తీరం వెంబడి ప్రవాహం ఎలాగూ ఈశాన్యంగానే పోతుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా అంతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరగబడి దక్షిణానికి. కాబట్టి ఆ 12 సెంటీమీటర్లు తీర ప్రవాహానివే అని నా మొగ్గు.

మీరు ఒక పని చేయండి. వలయం ఊరికే పుట్టదు, ఎవరో తోయాలి. తోసేది గాలి. సెకనుకు 15 మీటర్ల గాలి మూడు గంటలు వీస్తే, పైనున్న 20 మీటర్ల నీటి పొరకు ఎంత వేగం వస్తుందో లెక్కిస్తే 21 సెం.మీ. వస్తోంది. మీ 20.6కి ఎంత దగ్గరో చూడండి! గాలి ఏ దిక్కుకు తోస్తే నీరు మొదట ఆ దిక్కుకే పోయి, అక్కడి నుంచి కుడికి తిరగడం మొదలుపెట్టాలి. ముడులు పడటం మొదలైన చోటు వెతకండి. ఆ వేళ గాలి వచ్చిందేమో నాన్నగారిని అడగండి, ఎటు నుంచి వచ్చిందో కూడా. ముందు మీరు ఊహించి రాసుకుని, ఆ తరువాత అడగండి. లేకపోతే ఆయన చెప్పిందానికి మీ లెక్క వంగిపోతుంది.

కోటబురుజు:

టెక్కలి బాబుకు శతమానం. «సగం కలపాలి» ఎందుకు, పూర్తిగా ఎందుకు కాదు అని ఎవరైనా అడిగే లోపు నేనే అడిగి, నేనే రాత్రి కాగితం మీద వేసుకున్నాను. గుణకాన్నీ, గుణకం–వర్టిసిటీల మొత్తాన్నీ గుణించి వర్గమూలం తీస్తే, వర్టిసిటీ చిన్నదైనప్పుడు సగమే మిగులుతుంది. రెండో కాగితంలో వచ్చింది. మొదటి కాగితం గురించి అడగవద్దు.

వంశధారమొగ:

మీరు చెప్పినట్టే చేశాను. ముందు రాసుకున్నాను, తరువాత అడిగాను.

సగటు ప్రయాణాన్ని తీసేశాక మొదటి నాలుగు వరుసలు, అంటే తెల్లవారు ఆరు నుంచి మధ్యాహ్నం మూడు దాకా, ఒకే చోట కుప్పగా పడ్డాయి. పడవ అప్పటికి తిన్నగానే పోతోంది, ముడి లేదు. ఆరో వరుస రాత్రి తొమ్మిదిది. అక్కడికి వచ్చేసరికి వృత్తం మీదకు ఎక్కేసింది, అదీ ఆగ్నేయం వైపు మొహం పెట్టి. కాబట్టి కాగితం మీద ఇలా రాసుకున్నాను: «మొదటి రోజు మధ్యాహ్నం మూడుకూ రాత్రి తొమ్మిదికీ నడుమ, వాయవ్యం నుంచి గాలి.»

నాన్న వరండాలో వల అల్లుకుంటున్నాడు. మొదటి రోజు సాయంత్రం గాలేమైనా వచ్చిందా అన్నాను. తల ఎత్తకుండా, «రాకేం, కొండల వైపు నుంచి వచ్చింది, అన్నం గిన్నె కూడా ఎగిరిపోయింది» అన్నాడు. ఎంతసేపు అంటే, చీకటి పడే ముందు మొదలై బాగా రాత్రి అయ్యేదాకా, వానతో సహా. కొండలు అంటే మాకు తూర్పు కనుమల వైపే, పడమర, వాయవ్యం. గదిలోకి వెళ్ళి నా కాగితం తెచ్చి చూపించాను. చదివి, «నువ్వు అక్కడ లేవు కదరా» అన్నాడు.

అయిదో వరుస గుర్తుందా, అలుక్కుపోయిందని వదిలేసినది? సాయంత్రం ఆరుది. ఇన్నాళ్ళూ చేతి చెమటకు పోయిందనుకున్నాను. నోటుబుక్కును కిటికీ దగ్గర వెలుగుకు అడ్డంగా పట్టుకుని చూస్తే, సిరా చారలు ఒకే వైపు జారి ఉన్నాయి, కాగితం అక్కడ మాత్రమే ముడతలు పడి ఉంది. వాన చుక్కలు. అంకెల్లో అక్షాంశం «17 58» వరకే కనిపిస్తోంది, దాని వెనకాల ఏముందో దేవుడికే తెలియాలి. పనికిరాదని నేను పారేసిన వరుస ఒక్కటే గాలి వచ్చిన వేళను రాసి పెట్టింది.

రెండు పొరల మోడల్ కూడా వేశాను. 100 కి.మీ. పొంగు నిలబడింది. కోరియాలిస్ గుణకం మారే పదం కలిపితే పడమటికి కదిలింది, కానీ ఎందుకో కాస్త దక్షిణానికి కూడా వాలుతోంది. అది తప్పా, అలాగే ఉండాలా?

ఉప్పునీటి_లెక్క:

అలాగే ఉండాలి. పొంగు సుడులు పడమటికి పోతూ భూమధ్యరేఖ వైపు కొద్దిగా జరుగుతాయి, గుంట సుడులు ధ్రువం వైపు. సుడి తన చుట్టూ తిప్పే నీరు ఉత్తరానికీ దక్షిణానికీ పోతూ భ్రమణం మార్చుకుంటుంది కదా, ఆ మారిన నీరే తిరిగి సుడిని తోస్తుంది. మీ ప్రోగ్రాము బాగుంది. ఆ నోటుబుక్కు ఫోటో పెట్టగలరా? అంకెలు కనపడితే చాలు, అయిదో వరుసతో సహా.

వంశధారమొగ:

పెడతాను, రేపు పగటి వెలుగులో తీసి. నాన్న నోటుబుక్కు వెనక్కి ఇచ్చేయమంటున్నాడు. వెనక పేజీల్లో ఐసు బాకీలు ఉన్నాయట, వాటిని మాత్రం ఫోటో తీయవద్దన్నాడు.